పిట్టగోడ కట్టని పాపం



ఈ వారం ధ్యానభాగాలు రెండు: ద్వితీయోపదేశకాండము 22:8, రెండవ సమూయేలు 13వ అధ్యాయం. ముందు ఆ రెండూ చదివి, తర్వాత ఇది చదవండి. విషయం లైంగిక నేరం. మన పుల్పిట్ల మీద దీని గురించి మాట్లాడటానికి నోరు రాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాం.

మొదటి భాగం చాలా చిన్నది. కొత్తగా ఇల్లు కట్టుకున్నవాడు డాబా చుట్టూ పిట్టగోడ కట్టించాలని దేవుడు ఆజ్ఞాపించాడు. కట్టకపోతే, అక్కడి నుంచి ఎవరైనా పడి చనిపోయినప్పుడు ఆ రక్తాపరాధం ఆ ఇంటి మీదికి వస్తుంది. గమనించండి, ఇంకా ఎవరూ పడలేదు. ఎవరూ ఎవరినీ తోయలేదు. అయినా దేవుడు ముందే గోడ కట్టమంటున్నాడు. "మేము ప్రార్థనాపరులం, మా డాబా మీద నుంచి ఎవరూ పడరు" అని ఏ ఇశ్రాయేలీయుడూ తప్పించుకోవడానికి లేదు. కీడు జరిగాక ఏడవడం ఒక్కటే భక్తి కాదు, జరగకుండా చూడడం కూడా భక్తే. అది ధర్మశాస్త్రంలోనే ఉంది.

పిల్లల మీద, స్త్రీల మీద లైంగిక దాడి జరిగిందని వార్త వచ్చిన ప్రతిసారీ మన విశ్వాసుల మధ్య మూడు మాటలు వినిపిస్తాయి. "వాణ్ణి నడిరోడ్డు మీద ఉరి తీయాలి" అనేది మొదటి మాట. "సాతాను శోధించాడు, పడిపోయాడు" అనేది రెండోది. నేరం చేసినవాడు మనవాడైతే మూడో మాట వస్తుంది: "ఏడ్చి ఒప్పుకున్నాడు కదా, క్షమించేద్దాం, బయటికి పొక్కనివ్వకండి." ఇక ఎవరైనా, "అసలు మనుషులు ఈ నేరం ఎలా చేస్తారో, ఎలా ఆపవచ్చో కొందరు ఏళ్ళ తరబడి పరిశోధించారు, అది కూడా విందాం" అంటే, "అదంతా లోకజ్ఞానం, మనకు వాక్యం చాలు" అని నోరు మూయిస్తారు. లేదా "నేరస్తుడి పక్షం మాట్లాడుతున్నావు" అంటారు.

ఈ మాటలన్నీ తప్పని, ఇవి మన పిల్లలకు ప్రమాదమని మేము చెప్పదలిచాం. కోపం వచ్చినా చివరిదాకా చదవండి.

మొదట ఉరి మాట. 2019 నవంబరులో హైదరాబాద్ శివార్లలో ఒక పశువైద్యురాలిపై జరిగిన ఘోరం మనమెవరమూ మరచిపోలేదు. డిసెంబరు 6న నిందితులు నలుగురూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. మన సంఘాల్లోనూ దేవునికి స్తోత్రం చెప్పినవారు ఉన్నారు. 2022లో బయటికి వచ్చిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ నివేదిక ఏం చెప్పింది? చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని చెప్పింది. న్యాయస్థానంలో విచారణ జరగలేదు, నేరం రుజువు కాలేదు. సరే, ఆ సంగతి న్యాయవాదులకు వదిలేద్దాం. మేము అడిగేది ఒకటే. ఆ పూలు చల్లిన రోజు తర్వాత మన ఊళ్ళో ఏ ఇంట్లో ఏ పాపకు భద్రత పెరిగింది?

ఎందుకు పెరగలేదంటే, పాపకు ప్రమాదం టోల్‌గేట్ దగ్గర లారీ ఆపినవాడితో మాత్రమే కాదు. కేంద్ర ప్రభుత్వం 2007లో పిల్లలపై అఘాయిత్యాల గురించి ఒక పెద్ద అధ్యయనం ప్రచురించింది. 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడారు. ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదురైందని చెప్పినవారు 53 శాతం. వారిలో మగపిల్లలు ఆడపిల్లల కంటే కాస్త ఎక్కువే. వేధించినవారిలో సగం మంది ఆ పిల్లలకు తెలిసినవారు, పిల్లలు నమ్మవలసిన స్థానంలో ఉన్నవారు. వేధింపులు ఎక్కువగా బయటపడిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. మన రెండు రాష్ట్రాలూ అప్పుడు ఒకటే. జాతీయ నేర రికార్డుల సంస్థ లెక్కలు చూసినా, నమోదైన అత్యాచార కేసుల్లో ఏటా నూటికి 90కి పైగా నిందితుడు బాధితురాలికి తెలిసినవాడే.

ఇప్పుడు ఒక పదేళ్ళ పిల్ల వైపు నుంచి ఆలోచించండి. తనను పాడుచేస్తున్నది బాబాయి. ఇంట్లో టీవీ ముందు అందరూ "ఇలాంటివాణ్ణి చంపేయాలి" అని అరుస్తున్నారు. ఆ పిల్ల నోరు తెరుస్తుందా? బాబాయి చనిపోవడానికి తనే కారణమవుతానని భయపడుతుంది. నాన్నమ్మ తనను చూసి ఏడుస్తుందని భయపడుతుంది. మన కేకలు నేరస్తుణ్ణి బెదిరించడం మాట అటుంచి, ముందు పిల్ల నోరు కట్టేస్తాయి.

రెండవ సమూయేలు 13లో ఈ దారి కూడా ఉంది. అది అబ్షాలోము దారి. చెల్లెలిని ఊరుకోమన్నాడు, రెండేళ్ళు పగ దాచుకున్నాడు, గొర్రెల బొచ్చు కత్తిరించే పండుగలో అమ్నోనును చంపించాడు. తామారుకు ఏం ఒరిగింది? ఆమె అన్న ఇంట్లో పాడైపోయిన జీవితంతో మిగిలిపోయింది. ఆమె ఏం కోరుకుంటుందో ఒక్కరూ అడగలేదు. పగ మగవాళ్ళ మధ్య లెక్కగా మారిపోయింది.

దావీదు దారి ఇంకొకటి. సంగతి విన్నాడు, మహా కోపం తెచ్చుకున్నాడు. అంతటితో సరి. కోపం తర్వాత క్రియ ఏదీ లేదు. రాజు, తండ్రి, కీర్తనకారుడు, అయినా ఏమీ చేయలేదు. మన సంఘాల్లో చాలామంది పెద్దలు నడుస్తున్నది ఈ దారినే.

ఇక "శోధనలో పడిపోయాడు" అనే మాట. దీన్ని పరిశోధన ఎంత గట్టిగా కొట్టివేస్తుందో చూడండి. అమెరికా పరిశోధకుడు డేవిడ్ ఫింకెల్హోర్ 1984లో, పిల్లలపై లైంగిక నేరం జరగడానికి ముందు నాలుగు గడపలు దాటాలని రాశాడు. ఒకటి, చేయాలనే కోరిక. రెండు, తన లోపలి అడ్డును, అంటే మనస్సాక్షిని, భయాన్ని దాటడం. మూడు, బయటి అడ్డును దాటడం, అంటే కాపలా ఉన్నవారిని తప్పించడం. నాలుగు, పిల్ల ప్రతిఘటనను దాటడం. నలభై ఏళ్ళుగా ఈ రంగంలో పనిచేసేవారు ఈ నాలుగు గడపల మాటను వాడుతూనే ఉన్నారు.

ఇప్పుడు అమ్నోను కథ మళ్ళీ చదవండి. తామారు చిన్నపిల్ల కాకపోవచ్చు, కానీ ఆ నాలుగు గడపలూ అక్కడ వరుసగా కనబడతాయి. కోరికతో చిక్కిపోయాడు. ఆమెను ఏమైనా చేయడం తన వల్ల కాదని మొదట అనుకున్నాడు, అది లోపలి అడ్డు. యోనాదాబు అనే కపటి వచ్చి ఉపాయం చెప్పి ఆ అడ్డు తీసేశాడు. జబ్బు నటించాడు, తండ్రి చేతనే ఆమెను పిలిపించాడు, గదిలో ఉన్నవారందరినీ బయటికి పంపించేశాడు. బయటి అడ్డు పోయింది. చివరికి ఆమె వద్దని బతిమాలింది, బుద్ధి చెప్పింది. బలంతో ఆ చివరి అడ్డు కూడా దాటేశాడు.

ఇందులో "పడిపోవడం" ఎక్కడుంది? ఒక్కో గడపా కావాలని దాటాడు. పరిశోధకులు నేరస్తుణ్ణి వెనకేసుకొస్తారని అనేవారికి మా జవాబు ఇదే. "సాతాను చేయించాడు" అన్నప్పుడే మనిషి తప్పించుకుంటాడు. "ఈ నాలుగు పనులూ నువ్వే చేశావు" అని లెక్క ముందు పెట్టినప్పుడు తప్పించుకోలేడు. శోధకుడు ఉన్నాడు, మేము కాదనం. కానీ గదిలో ఉన్నవారందరినీ బయటికి పంపించింది అమ్నోనే.

మధుమితా పాండే అనే మన దేశపు పరిశోధకురాలు తిహార్ జైలులో అత్యాచారానికి శిక్షపడిన వందమందికి పైగా మగవాళ్ళతో మాట్లాడింది. రాక్షసులు కనబడతారనుకుని వెళ్ళిన ఆమెకు మామూలు మనుషులు కనబడ్డారు. మన మధ్య తిరిగేవారి లాంటివారే. వారిలో చాలామంది సాకులు చెప్పారు, తప్పు బాధితురాలి మీదికి నెట్టారు, తాము చేసినది అత్యాచారం అని కూడా ఒప్పుకోలేదు. నిజంగా పశ్చాత్తాపపడినవారు ముగ్గురో నలుగురో. మొగుడికి పెళ్ళాం మీద సర్వహక్కులూ ఉన్నాయని, ఆడపిల్ల "వద్దు" అన్నా లెక్కలేదని నేర్పే ఊళ్ళో పుట్టే సాకులే అవి. ఆ సాకులకు కొన్ని మన పెళ్ళి ప్రసంగాల్లోంచి కూడా వస్తున్నాయేమో పరీక్షించుకుందాం.

మూడోది కన్నీళ్ళ మాట. ఇది మన సంఘాలకు అన్నిటికన్నా ప్రమాదం. తప్పు చేసినవాడు మందిరంలో మోకాళ్ళూని ఏడిస్తే చాలు, నాలుగు నెలల్లో మైకు చేతికిస్తాం. సంవత్సరం తిరిగేసరికి సండే స్కూలు అప్పగిస్తాం. సాక్ష్యం ఎంత భయంకరంగా ఉంటే అంత గొప్ప సేవకుడు అనుకుంటాం.

కెనడా పరిశోధకుడు కార్ల్ హాన్సన్, ఆయన సహచరి కలిసి 2005లో 82 అధ్యయనాలను ఒకచోట చేర్చి చూశారు. అందులో ఉన్న లైంగిక నేరస్తులు 29 వేలకు పైగా. ఐదారేళ్ళలో మళ్ళీ లైంగిక నేరంలో పట్టుబడినవారు నూటికి 14 మందికి మించలేదు. బయటపడని నేరాలు ఈ లెక్కలోకి రావు, అది గుర్తుంచుకోవాలి. అయినా "వీళ్ళెవరూ మారరు" అనేవారి మాట నిజం కాదని తెలుస్తుంది. మరి ఎవరు మళ్ళీ చేస్తారు? వక్రమైన లైంగిక వాంఛ ఉన్నవారు, ఏ నియమానికీ లోబడని బతుకు అలవాటైనవారు. తప్పు ఒప్పుకున్నాడా లేదా, బాధితురాలి మీద జాలి చూపాడా లేదా అన్నదానికీ, మళ్ళీ చేయడానికీ పెద్దగా సంబంధం కనబడలేదు.

ఈ మాట పాస్టర్లందరూ రెండుసార్లు చదవాలి. మనం దేన్ని చూసి "మారాడు" అని తీర్పు చెప్తున్నామో, అది కొలబద్దే కాదు. కన్నీళ్ళు నిజమైనవే కావచ్చు. వాటిని దేవుడు చూస్తాడు, క్షమించే అధికారం ఆయనది. కానీ ఆ కన్నీళ్ళను చూసి పిల్లల గది తాళం చేతికిచ్చే అధికారం మనకెవరిచ్చారు? క్షమాపణ వేరు, బాధ్యత అప్పగించడం వేరు.

ఆస్ట్రేలియాలో 2006లో వచ్చిన ఇంకో అధ్యయనం ఉంది. జైల్లో ఉన్న లైంగిక నేరస్తుల మతజీవితాన్ని పరిశీలించారు. చిన్నప్పటి నుంచి పెద్దయ్యేదాకా మతంలో కొనసాగినవారికే ఎక్కువ లైంగిక నేరాల శిక్షలు, ఎక్కువమంది బాధితులు, అందులోనూ చిన్న వయసువారు ఉన్నట్టు తేలింది. చిన్న అధ్యయనమే, అన్ని సంఘాలకూ అంటగట్టకూడదు. కానీ "మందిరానికి వచ్చేవాడు అలాంటివాడు కాడు" అనే ధీమాకు ఆధారం లేదని చెప్పడానికి అది చాలు. అమెరికాలో కథోలిక బిషప్పులే జాన్ జే కళాశాల చేత చేయించిన అధ్యయనం 2004లో వచ్చింది. 1950 నుంచి 2002 వరకు 4,392 మంది ఫాదర్ల మీద, 10,667 మంది పిల్లలకు సంబంధించి ఆరోపణలు లెక్కకు వచ్చాయి. అది వాళ్ళ సంగతి అని చేతులు దులుపుకోకండి. వాళ్ళు లెక్క తీయించారు, మనం తీయలేదు. తేడా అదే కావచ్చు.

ఇక "లోకజ్ఞానం మనకెందుకు" అనేవారితో ఒక మాట. కుక్క కరిస్తే మీరు ప్రార్థన చేస్తారు, పీహెచ్‌సీకి వెళ్ళి సూదీ వేయించుకుంటారు. లూకా వైద్యుడు, అయినా సువార్త రాశాడు. పొలానికి తెగులు వస్తే వ్యవసాయాధికారిని పిలుస్తారు. ఒక్క ఈ విషయంలోనే జ్ఞానం పనికిరానిదైపోయిందా? నిజం చెప్పాలంటే మనకు అడ్డుగా ఉన్నది భక్తి కాదు, పరువు. పరిశోధన మాట వింటే, పెద్దల మధ్య తేల్చేసే పంచాయితీలు ఆపాలి. అది మనకు ఇష్టం లేదు.

ఈ జ్ఞానం కొంత మన సంఘాల నుంచే పుట్టిందని తెలుసా? 1994లో కెనడాలోని హామిల్టన్ పట్టణంలో, పిల్లల మీద నేరాలు చేసి శిక్ష పూర్తిచేసుకున్న ఒకడు జైలు నుంచి బయటికి వచ్చాడు. ఊరంతా భయపడింది, ఆందోళన చేసింది. హ్యారీ నై అనే మెన్నొనైట్ పాస్టరు, తన సంఘంలో కొందరిని కూడగట్టి అతని చుట్టూ ఒక వలయంగా నిలబడ్డాడు. తోడుగానూ, కాపలాగానూ. ఎక్కడికి వెళ్తున్నావు, ఎవరితో ఉన్నావు, ఏం ఆలోచిస్తున్నావు అని మొహమాటం లేకుండా అడిగారు. కొత్త బాధితులు ఒక్కరూ ఉండకూడదు, పారేయదగిన మనిషి ఒక్కడూ లేడు, ఈ రెండూ వారి సూత్రాలు. అదే పెద్ద పద్ధతిగా మారి ఇతర దేశాలకు పాకింది. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో దీన్ని పరీక్షించారు. విడుదలైనవారిని లాటరీ వేసినట్టు రెండు గుంపులు చేసి, ఒక గుంపుకే ఈ వలయం ఇచ్చారు. వలయం ఉన్నవారు మళ్ళీ లైంగిక నేరంలో అరెస్టయ్యే ప్రమాదం 88 శాతం తగ్గినట్టు 2018లో నివేదించారు. గుంపులు చిన్నవే, కానీ ఫలితం చిన్నది కాదు. మహబూబ్‌నగర్, వనపర్తి, గద్వాల వైపు మందిరాలు కట్టిన మెన్నొనైట్ బ్రెదరెన్‌వారు కూడా ఆ విశ్వాస కుటుంబమే. కాబట్టి ఇది ఎక్కడిదో పరాయి బోధ అనకండి.

బెర్లిన్‌లోని షారిటే ఆసుపత్రిలో 2005 నుంచి ఇంకో పని జరుగుతోంది. పిల్లల మీద వాంఛ కలుగుతోంది, కానీ నేరం చేయకూడదని పోరాడుతున్నవారు వచ్చి చికిత్స తీసుకోవచ్చు. ఆ చికిత్స ఎంత ఫలిస్తుందన్నది పండితులు ఇంకా చర్చిస్తున్నారు. కానీ నేరానికి ముందే తట్టడానికి ఒక తలుపు ఉండాలన్న ఆలోచన పిట్టగోడ ఆలోచనే. మన దగ్గర అలాంటి మనిషి ఎవరికి చెప్పుకుంటాడు? ఇది చదువుతున్నవారిలో ఆ పోరాటంలో ఉన్నవారు ఎవరైనా ఉంటే: ఆలోచన పుట్టగానే నువ్వు నేరస్తుడివి కావు, గడప దాటకు. పిల్లలకు దూరంగా ఉండు. మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్ళు. టెలి మానస్ 14416కి ఫోన్ చేయి. ఇప్పటికే ఒక బిడ్డకు హాని చేసి ఉంటే మాత్రం, నీ పశ్చాత్తాపానికి దారి పోలీస్ స్టేషన్ మీదుగానే వెళ్తుంది. మా దగ్గర దాక్కోవడానికి చోటు లేదు.

పాస్టర్లకు, పెద్దలకు చట్టం కూడా గుర్తు చేస్తున్నాం. 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం, 18 ఏళ్ళలోపు బిడ్డ మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగబోతోందని భయం కలిగినా పోలీసులకు తెలపాలి. పాస్టరుకు మినహాయింపు లేదు. దాచితే ఆరు నెలల వరకు జైలు. సంస్థ పెద్దగా ఉండి తన కింద పనిచేసేవాడి నేరం దాచితే ఏడాది వరకు. మంచి మనసుతో తెలిపినవారి మీద కేసు ఉండదు. మత సంస్థలో సిబ్బంది అయినవాడు ఈ నేరం చేస్తే, చట్టం దాన్ని మరింత తీవ్రమైన నేరంగా చూస్తుంది. అభిషిక్తుడు కదా అని వెనకాడేవారు ఏలీ సంగతి చదవండి. గుడారం దగ్గర సేవ చేసే స్త్రీలతో కుమారులు చేస్తున్నది విని ఏలీ వారిని మందలించాడు. కానీ ఆపలేదు. దేవుడు ఆ ఇంటి మీద తీర్పు తెచ్చింది అందుకే.

మరి మన పిట్టగోడ ఎలా ఉండాలి? డబ్బుతో పనిలేదు. వీబీఎస్‌లోనైనా, పాటల సాధనలోనైనా పిల్లలతో ఒక్క పెద్దమనిషి ఒంటరిగా ఉండకూడదు, ఇద్దరుండాలి. తలుపు తెరిచి ఉండాలి. పాస్టరైనా సరే ఆడపిల్లకు గదిలో ఒంటరిగా చేయి ఉంచి ప్రార్థన చేయకూడదు. పిల్లలకు రాత్రిపూట విడిగా మెసేజీలు పెట్టకూడదు. బయటి నుంచి వచ్చిన దైవజనుణ్ణి పిల్లలు పడుకునే గదిలో పడుకోబెట్టకూడదు. పిల్లలకు తమ శరీరం గురించి, "వద్దు" అనే హక్కు గురించి చెప్పాలి. 1098 నంబరు మందిరం గోడ మీద రాయాలి. అమెరికా పోలీసుల లెక్కల్లో పిల్లల మీద నేరం చేసినవారిలో మూడో వంతుకు పైగా తామే 18 ఏళ్ళలోపువారు. కాబట్టి మన యూత్ మీటింగుల్లో మగపిల్లలకు కూడా ఈ మాటలు నేర్పాలి. ఎంతసేపూ ఆడపిల్ల పైట గురించే ప్రసంగం చేస్తే చాలదు.

"ఇంత అనుమానమా? సంఘంలో ప్రేమ ఏమైపోతుంది?" అని అడుగుతారు. పిట్టగోడ కట్టినవాడు తన ఇంటికి వచ్చిన చుట్టాన్ని అనుమానించాడా? వాడి ప్రాణాన్ని ప్రేమించాడు. మంచి పాస్టరుకు కూడా ఈ నియమాలే రక్షణ, నింద రాకుండా కాపాడతాయి.

చివరిగా, ఈ గాయంతో బతుకుతున్న సహోదరీ, సహోదరుడా. అది నీ పాపం కాదు. నీ వల్ల కుటుంబం పరువు పోలేదు. తామారును అన్న ఊరుకోమన్నాడు, తండ్రి ఊరుకున్నాడు, కానీ పరిశుద్ధ గ్రంథం ఊరుకోలేదు. ఆమె ఆ గదిలో పలికిన మాటలు, ఆమె తలమీది బూడిద, చింపుకున్న అంగీ, అన్నీ రాసి ఉంచింది. రాజభవనంలో ఎవరూ వినని ఆమె మాటను దేవుడు విన్నాడు. నీ మాటనూ వింటాడు. వినే మనుషులుగా సంఘం మారాలని మేము ప్రార్థిస్తున్నాం.

ప్రభువా, మా మందిరాల డాబా మీద గోడ లేదు. కట్టే చేతులు మాకివ్వు. కోపంతో తృప్తిపడే దావీదులుగా, పగతో తృప్తిపడే అబ్షాలోములుగా మమ్మల్ని మిగలనివ్వకు. మాకు అప్పగించిన చిన్నబిడ్డల రక్తాపరాధం మా ఇంటి మీదికి రాకుండా మమ్మల్ని మేల్కొలుపు. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.